వెలుతురుకు త్రవ్విన పంటకాలువ



గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి ఒక సంగతి ఎవరూ వేరుగా బోధించనక్కరలేదు. నీరు ఉండడం వేరు, నీరు చేనికి అందడం వేరు. ధవళేశ్వరం ఆనకట్టకు పూర్వం కూడా గోదావరి నిండుగానే ప్రవహించింది. అయినా దాని ఒడ్డునే కరువు తాండవించింది. 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్టను పూర్తిచేయించిన సర్ ఆర్థర్ కాటన్ ఒక్క చుక్క నీటిని కూడా క్రొత్తగా సృష్టించలేదు. ఉన్న నీటికి దారి చూపాడు. ప్రధాన కాలువ, దాని నుండి పంటకాలువ, పంటకాలువ నుండి బోదె, బోదె నుండి మడి. ఈ క్రమంలో ఎక్కడ గండి పడినా చివరి మడి ఎండిపోవలసిందే.

కాకినాడలో కూర్చొని నీళ్ళ గురించి ఎంతైనా వ్రాయవచ్చును గాని, నేడు నేను వ్రాయదలచినది వెలుతురు గురించి. ఎండను విద్యుత్తుగా మార్చే ఒక క్రొత్త జాతి ఫలకాలు ఈ పదిహేనేళ్ళుగా ప్రపంచమంతటా ప్రయోగశాలలలో సందడి చేస్తున్నవి. వాటిని పెరోవ్‌స్కైట్ సౌరఘటాలు అంటారు. వాటిని గురించి చదివేవారు సాధారణంగా వెలుతురును త్రాగే నల్లని పదార్థాన్ని పొగడుతారు. ఆ పొగడ్త న్యాయమే. కాని దాని చరిత్రను వరుసగా చదువుతూ పోతే నాకు తోచినది వేరు. ఆ ఘటాల ఎదుగుదలలో సగం కథ ఆ నల్లని పదార్థానిది కాదు, దాని ప్రక్కన ఉన్న ఒక పలుచని పొరది. ఎలక్ట్రానులను చేరవలసిన చోటికి చేర్చే పొర అది. అంటే ఈ కథలోని పంటకాలువ.

నేను తెలుగు పండితుణ్ణి. భౌతికశాస్త్రం నా వృత్తి కాదు. అయినా పేరు వెనుక కథను వెదకడం మా వృత్తిలో భాగం కనుక, పేరుతోనే మొదలుపెడతాను.

1839వ సంవత్సరం. జర్మనీకి చెందిన ఖనిజ శాస్త్రవేత్త గుస్టావ్ రోజ్, రష్యాలోని యూరల్ పర్వతాలనుండి వచ్చిన ఒక రాతిని పరీక్షించి, అందులో క్రొత్త ఖనిజాన్ని గుర్తించాడు. ఖనిజాల మీద అభిరుచి గల లెవ్ పెరోవ్‌స్కీ అనే రష్యన్ ప్రభువు పేరు దానికి పెట్టాడు. కాల్షియం, టైటానియం, ఆక్సిజన్ కలిసిన రాయి అది. అదే 1839లో ఫ్రాన్సులో ఎడ్మండ్ బెకరెల్ అనే పందొమ్మిదేళ్ళ యువకుడు తన తండ్రి ప్రయోగశాలలో, ద్రావణంలో ముంచిన పలకల మీద వెలుతురు పడినప్పుడు విద్యుత్తు పుట్టడం గమనించాడు. ఒకే ఏడు, రెండు దేశాలు, రెండు చిన్న వార్తలు. ఒకదానికి మరొకటి కావలసి వస్తుందని ఆనాడు ఎవరికి తెలుసు? ఆ రెండూ కలవడానికి 170 ఏళ్ళు పట్టింది.

ఇక్కడ ఒక చిక్కు విప్పాలి. నేటి సౌరఘటాలలో వాడే పెరోవ్‌స్కైట్‌లో కాల్షియమూ లేదు, టైటానియమూ లేదు. సీసము, అయోడిన్, ఒక సేంద్రియ అణువు ఉంటాయి. మరి ఆ పేరెందుకు? ఛందస్సు తెలిసినవారికి ఇది తేలిక. ఉత్పలమాలలో ఏ కథ చెప్పినా, ఏ మాటలు పెట్టినా, గణాల వరుస ఒకటే. గణాలు తప్పనంతవరకు అది ఉత్పలమాలే. పెరోవ్‌స్కైట్ కూడా ఒక వస్తువు పేరు కాదు, ఒక అమరిక పేరు. ఒక పెద్ద అయాను, ఒక చిన్న అయాను, వాటి నడుమ మరొక జాతి అయానులు మూడు. ఈ కొలత కుదిరితే ఏ మూలకాలైనా ఆ గూటిలో ఒదుగుతాయి. ఏ అయాను ఏ పరిమాణంలో ఉంటే అమరిక చెడకుండా నిలుస్తుందో 1926లో విక్టర్ గోల్డ్‌ష్మిట్ లెక్క కట్టి చూపాడు. లక్షణకర్త లక్షణం చెప్పాడు. లక్ష్యాలు తరువాత వచ్చాయి. సీసము, హాలోజనులు కలిసిన ఇట్టి స్ఫటికాలు వెలుతురు సోకినపుడు విద్యుత్తును ప్రసరింపజేస్తాయని 1958లో డెన్మార్కుకు చెందిన క్రిస్టియన్ మోలర్ చూపాడు. 1978లో జర్మనీలో డీటర్ వెబర్ అందులో సేంద్రియ అణువును ఇమిడ్చాడు. ఆ తరువాత ముప్ఫై ఏళ్ళు దానితో ఎండను పట్టవచ్చునన్న ఆలోచన ఎవరూ చేసి చూపలేదు.

ఇక పంటకాలువ సంగతి. సౌరఘటంలో వెలుతురు పడినపుడు ఆ నల్లని పొరలో ఒక ఎలక్ట్రాను తన స్థానం విడిచి పైకి లేస్తుంది. దాని ఖాళీ అక్కడే మిగులుతుంది. ఆ ఖాళీని శాస్త్రజ్ఞులు రంధ్రం అంటారు. ఎలక్ట్రాను ఒక దిక్కుకు, రంధ్రం మరొక దిక్కుకు పోతేనే మనకు విద్యుత్తు. రెండూ మళ్ళీ కలిశాయా, పట్టిన వెలుతురు వేడిగానో, వెలుగుగానో తిరిగి పోయినట్లే. కాబట్టి ఎలక్ట్రాను వైపున ఒక పొర పెడతారు. దానికి మూడు ధర్మాలు ఉండాలి. ఒకటి, ఎలక్ట్రానును తేలికగా లోపలికి రానివ్వాలి. అందుకు దాని మెట్టు పెరోవ్‌స్కైట్ మెట్టుకన్నా కాస్త మాత్రమే దిగువన ఉండాలి, మరీ దిగువైతే వోల్టేజి నష్టం. రెండు, రంధ్రాన్ని గుమ్మంలోనే ఆపాలి. మూడు, లోపలికి వచ్చిన ఎలక్ట్రానును ఎక్కడా నిలవనీయకుండా వేగంగా గాజు మీది వాహకపు పూతకు చేర్చాలి. కాలువ భాషలో చెప్పాలంటే తూము ఎత్తు కుదరాలి, ఎదురునీరు రాకూడదు, గట్టుకు గండి ఉండకూడదు. దీని మందం చాలామటుకు 50 నానోమీటర్ల చుట్టుప్రక్కల ఉంటుంది. అది తలవెంట్రుక మందంలో వెయ్యోవంతు. ఆత్రేయపురం పూతరేకును చేతిలో పట్టుకొని ఇంతకంటె పలుచన ఉండదనుకునే మనకు ఇది ఊహకు అందని పలుచన.

ఈ పొరగా మొదట పని చేసినది టైటానియం డయాక్సైడు. రంగులకు, కాగితానికి తెల్లదనమిచ్చే పొడి. టైటానియాన్ని 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో విలియం గ్రెగర్ అనే మతాచార్యుడు నల్లని ఇసుకలో కనిపెట్టాడు. 1795లో క్లాప్‌రోత్ దానికి గ్రీకు పురాణాలలోని టైటనుల పేరు పెట్టాడు. ఆ నల్లని ఇసుకనే ఇల్మెనైట్ అంటారు. ఇనుము, టైటానియం, ఆక్సిజన్ అందులో ఉంటాయి. మన సముద్రతీరానికి ఇది కొత్త కాదు. అలలు వెనుకకు మళ్ళినపుడు తెల్లని ఇసుక నడుమ నల్లని చారలుగా మిగిలేది చాలామటుకు ఇట్టి బరువైన ఖనిజాల ఇసుకే. శ్రీకాకుళం, భీమునిపట్నం తీరాలలో ఇది విశేషంగా ఉన్నది. రోజ్ చూసిన రాతిలోని టైటానియమూ, మన తీరపు ఇసుకలోని టైటానియమూ ఒకటే. వెలుతురును త్రాగే నేటి పెరోవ్‌స్కైట్ టైటానియాన్ని వదిలిపెట్టినా, ప్రక్క పొర దానిని వదలలేదు.

ఈ తెల్లని పొడికి వెలుతురుతో పని ఉన్నదని 1972లో జపానుకు చెందిన ఫుజిషిమా, హోండాలు లోకానికి చూపారు. దాని మీద అతినీలలోహిత కిరణాలు పడితే నీరు విడిపోయి ఆక్సిజన్, హైడ్రోజన్ వచ్చాయి. 1991లో స్విట్జర్లాండులోని లొసాన్ నగరంలో బ్రియాన్ ఓ రీగన్, మైకేల్ గ్రెట్జెల్ ఇంకొక అడుగు వేశారు. టైటానియం డయాక్సైడు అతి చిన్న రేణువులను స్పంజివలె పేర్చి, దానికి రంగుద్రవ్యం పట్టించారు. రంగు వెలుతురును పడుతుంది, స్పంజి ఎలక్ట్రానును తీసుకొనిపోతుంది. పట్టేవాడు ఒకడు, మోసేవాడు ఒకడు. సిలికాన్ ఘటంలో ఈ రెండు పనులూ ఒకే పదార్థం చేస్తుంది. ఇక్కడ పనులు విడిపోయాయి. ఎలక్ట్రాను వాహక పొర అనే ఆలోచనకు ఈ పని విభజనే పునాది.

ఈ చోటనే మన తెలుగు నేల కథలోకి వస్తుంది. ఆ లొసాన్ ప్రయోగశాలలో ఆ స్పంజికి తగిన రంగును కూర్చినవారిలో ముఖ్యుడు మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అకర్బన రసాయనశాస్త్రం చదివి, అక్కడే పరిశోధన పట్టం పొందిన వ్యక్తి. భావనగర్‌లోని ఉప్పు, సముద్ర రసాయనాల కేంద్ర పరిశోధనశాలలో పనిచేసి 1980ల చివరిభాగంలో స్విట్జర్లాండు వెళ్ళారు. 1993లో ఆయన పేరు మొదట ఉన్న పరిశోధనాపత్రం రుథేనియం రంగుద్రవ్యంతో 10 శాతం సామర్థ్యం సాధించిన సంగతి ప్రకటించింది. తరువాత రెండు దశాబ్దాలు ఆ రంగమంతటికీ ఆ కుటుంబపు రంగులే కొలమానమైనవి. ఆ రంగు అణువుకు ఉన్న పిడికిళ్ళు టైటానియం డయాక్సైడును గట్టిగా పట్టుకునేటట్లు కూర్చడంలోనే ఆ పని గొప్పదనం ఉన్నది. మరల అదే మాట: పట్టేవాడికీ మోసేవాడికీ నడుమనున్న హద్దు బాగుంటేనే ఫలితం.

2009లో జపానులోని యొకొహామాలో త్సుతోము మియసాక వద్ద పనిచేస్తున్న అకిహిరో కొజిమా, ఆ రంగుద్రవ్యం బదులు సీసపు పెరోవ్‌స్కైట్‌ను అదే తెల్లని స్పంజిలో పెట్టి చూశాడు. వచ్చిన సామర్థ్యం 3.8 శాతం. ఘటంలోని ద్రవం పెరోవ్‌స్కైట్‌ను కరిగించివేసేది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2012లో ద్రవం స్థానే ఘనపదార్థాన్ని పెట్టడంతో దశ తిరిగింది. కొరియాలో నామ్ గ్యూ పార్క్, లొసాన్‌లో గ్రెట్జెల్ కలిసి 9.7 శాతం చూపారు. అదే ఏడు ఆక్స్‌ఫర్డులో హెన్రీ స్నెయిత్ బృందం 10.9 శాతం చూపింది.

స్నెయిత్ బృందం చేసిన పనిలో ఒక చమత్కారం ఉన్నది. వారు టైటానియం డయాక్సైడు స్పంజిని తీసివేసి, ఆ స్థానంలో అల్యూమినియం ఆక్సైడు స్పంజి పెట్టారు. అది ఎలక్ట్రానును ఏ మాత్రమూ మోయదు. మోసేవాణ్ణి తీసివేస్తే పని ఆగిపోవాలి కదా? ఆగలేదు, మెరుగైంది. అంటే పెరోవ్‌స్కైట్ తనలో తానే ఎలక్ట్రానును మోయగలదని తేలింది. మరి వాహక పొరే అనవసరమా? కాదు. ఆ స్పంజి క్రింద గాజును ఆనుకొని ఉన్న గట్టి టైటానియం డయాక్సైడు పొరను వారు అలాగే ఉంచారు. మడిలో నీరు తనంతట తాను పారుతుంది. కాని మడి నుండి బయటకు వచ్చేచోట తూము కావలసిందే. ఏది అవసరం, ఏది అలవాటు అన్న వివేకం ఆ ఒక్క ప్రయోగంతో వచ్చింది. మరుసటి ఏడు లొసాన్ బృందం, నజీరుద్దీన్ కూడా అందులో ఒకరు, పెరోవ్‌స్కైట్‌ను రెండు విడతలుగా పేర్చే పద్ధతితో 15 శాతం చేరింది.

ఇక తూము మీద దృష్టి నిలిచింది. టైటానియం డయాక్సైడుకు మూడు దోషాలు కనబడ్డాయి. మొదటిది, అది చక్కగా గట్టిపడాలంటే 450 నుండి 500 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ప్లాస్టిక్ రేకు మీద పూయడం అసాధ్యం. రెండవది, దానిలో ఎలక్ట్రాను నడక మందం. తూము దగ్గర గుంపు చేరుతుంది, గుంపు చేరితే రంధ్రంతో మళ్ళీ కలిసే ప్రమాదం. మూడవది అన్నిటికన్నా పెద్దది. 1972లో నీటిని విడగొట్టిన గుణం ఎక్కడికీ పోలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకినపుడు అది తన ప్రక్కనున్న పెరోవ్‌స్కైట్‌ను కూడా పాడుచేయసాగింది. ఏ గుణం వలన పేరు వచ్చిందో ఆ గుణమే శత్రువయింది.

మొదటి చికిత్సగా దానికే మందు వేశారు. 2014లో లాస్ ఏంజెలెస్‌లో యాంగ్ యాంగ్ బృందం టైటానియం డయాక్సైడులో కొద్దిగా యిట్రియం కలిపి, గాజుమీది పూతను కూడా సవరించి 19.3 శాతం సాధించింది. ఆ పరిశోధన పేరులోనే హద్దుల నిర్మాణం అన్న భావం ఉన్నది. నల్లని పదార్థాన్ని మార్చడంతో బాటు గడపలను మార్చడం కూడా ఒక విద్య అని దానితో స్థిరపడింది.

రెండవ చికిత్స, పదార్థాన్నే మార్చడం. తగరపు ఆక్సైడు వచ్చింది. తగరం మనకు పరాయిది కాదు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించుకున్న తరం మాది. వీధిలో కొలిమి పెట్టి, గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి, తగరం ముక్కను గుడ్డతో రుద్ది తెల్లగా మెరిపించే ఆ పూత పులుసుకూ ఇత్తడికీ నడుమ కావలి ఉండేది. పలుచని పొర రెండింటి నడుమ నిలిచి రెండింటినీ కాపాడడం అంటే ఏమిటో మా అమ్మలందరికీ తెలుసు. అదే లోహపు ఆక్సైడు ఇప్పుడు సౌరఘటంలో కావలి కాస్తున్నది. నిజానికి ఘటపు గాజు మీది వాహకపు పూత కూడా, ఫ్లోరిన్ కలిపిన తగరపు ఆక్సైడే. చెంతనున్న చుట్టాన్ని చాలాకాలం ఎవరూ పనికి పిలవలేదన్నమాట.

తగరపు ఆక్సైడులో ఎలక్ట్రాను నడక ఎన్నో రెట్లు వేగం. 150, 180 డిగ్రీల వేడికే పొర కుదురుతుంది. అతినీలలోహిత కిరణాలను అది తక్కువగా గ్రహిస్తుంది కనుక ప్రక్కవాణ్ణి పాడుచేయడమూ తక్కువే. 2015 నుండి చైనాలో, స్విట్జర్లాండులో దీనితో మంచి ఫలితాలు రాసాగినవి. 2016లో బీజింగులో జింగ్బీ యూ బృందం తగరపు ఆక్సైడు సూక్ష్మరేణువులతో 19.9 శాతం ధ్రువీకృత సామర్థ్యం చూపింది. 2021లో అమెరికా, కొరియా పరిశోధకులు కలిసి, రసాయన స్నానంలో పొరను మెల్లగా పెంచే పద్ధతితో 25.2 శాతానికి చేర్చారు. అదే ఏడు కొరియాలో సాంగ్ ఇల్ సియోక్ బృందం, తగరపు ఆక్సైడులో క్లోరిన్ బంధాన్ని ఉంచి, పెరోవ్‌స్కైట్‌లోనూ క్లోరిన్ కలిపి, రెండూ కలిసేచోట అణువుల వరుస తెగకుండా ఒక సంధి పొర తానే ఏర్పడేటట్లు చేసింది. ధ్రువీకృత సామర్థ్యం 25.5 శాతం. రెండు పదాలు కలిసేచోట ఆదేశమో ఆగమమో వచ్చి ఉచ్చారణ సాఫీ అయినట్లు, ఆ సంధిలో ఎలక్ట్రానుకు తొట్రుపాటు తగ్గింది. కళాయివాని నవాసాగరంలో కూడా క్లోరిన్ ఉన్నదని గుర్తు వచ్చి నాలో నేను నవ్వుకున్నాను.

ఈ కథకు మరొక శాఖ ఉన్నది. 2013 నుండి కొందరు ఘటాన్నే తలక్రిందులు చేసి, ఎలక్ట్రాను పొరను పైకి తెచ్చారు. అక్కడ లోహపు ఆక్సైడు బదులు, 60 కార్బన్ పరమాణువులు బంతివలె కూడిన ఫుల్లెరీన్‌ను పూశారు. క్రోటో, కర్ల్, స్మాలీలకు 1996లో నోబెల్ తెచ్చిన బంతి అది. దాని పైన కావలిగా మళ్ళీ మన తగరపు ఆక్సైడే. ఇటీవలి సంవత్సరాలలో 26 శాతం దాటిన ఘటాలలో ఈ తలక్రిందుల జాతివి ముందున్నవి. సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్‌ను పేర్చిన జంట ఘటంతో 2023లో చైనాకు చెందిన లాంగీ సంస్థ 33.9 శాతం చేరింది. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తొలి సిలికాన్ ఘటం 6 శాతం వద్ద మొదలైన సంగతితో పోల్చి చూడండి. 2024లో ఆక్స్‌ఫర్డ్ పీవీ సంస్థ జంట ఫలకాలను మొదటిసారి వ్యాపారంగా పంపింది.

మరి కాకినాడకు దీనితో పని ఏమిటని అడగవచ్చు. ప్రయోగశాలలోని 26 శాతం, మన డాబా మీది 26 శాతం ఒకటి కావు. పెరోవ్‌స్కైట్‌కు బద్ధశత్రువు తేమ. నీటి ఆవిరి సోకితే నల్లని పొర విరిగి పచ్చని సీసపు అయోడైడుగా మిగులుతుంది. మన ఊళ్ళో వేసవిలో బట్ట ఆరినా ఒళ్ళు ఆరదు. ఇనుప కిటికీ ఊచలను ఉప్పుగాలి ఏడాదికొకసారి పలకరించి పోతుంది. సౌరఫలకాలకు పెట్టే కఠిన పరీక్షలలో 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1000 గంటలు ఉంచడం ఒకటి. ఆ పరీక్ష పెట్టినవారు మన తీరాన్ని చూసి పెట్టారా అనిపిస్తుంది. సిలికాన్ ఫలకానికి 25 ఏళ్ళ హామీ ఇస్తున్న కాలంలో, వరిచేల నడుమ పెట్టబోయే ఫలకం నాలుగేళ్ళకే విరిగితే, పోయేది సొమ్ము మాత్రమే కాదు. అందులోని సీసం వాననీటితో కలిసి బోదెలోకి, బోదె నుండి మడిలోకి దిగగలదు. అన్నం పెట్టే నేల మీద ఆ పందెం కాయలేము. కనుక మనవంటి ప్రాంతాలకు సామర్థ్యపు అంకెకన్నా, ఎండకూ తేమకూ ఓర్చే గట్టి పొరే ముఖ్యం. ఎలక్ట్రానును నడపడమే కాక, ప్రక్కపొరను చెడగొట్టకుండా, బయటి తేమకు సందు ఇవ్వకుండా ఉండే పొర ఎవరు కూర్చగలరో వారి ఫలకమే గోదావరి జిల్లాలలో నిలుస్తుంది.

ఇంకొక లెక్క చెప్పి ముగిస్తాను. మన తీరాన టైటానియపు ఇసుక ఉన్నది కనుక ఈ విద్యలో మనదే పైచేయి కాగలదని కొందరు మిత్రులు సంతోషిస్తారు. చదరపు మీటరు ఫలకం మీద 50 నానోమీటర్ల మందాన టైటానియం డయాక్సైడు పూయడానికి కావలసిన పొడి ఎంత? సుమారు 0.2 గ్రాము. డాబా మొత్తం కప్పినా ఒక తులం దాటదు. అంటే ఇక్కడ విలువ ఇసుకలో లేదు. పూసే నేర్పులో ఉన్నది. కార్న్‌వాల్‌లోనూ నల్లని ఇసుక ఉన్నది, కాని కథ అక్కడ ఆగలేదు. లొసాన్‌కు, యొకొహామాకు, సువోన్‌కు నడిచింది. ఆ పట్టణాలలో తీరపు ఇసుకను ఎవరూ లెక్కపెట్టలేదు. ఉస్మానియాలో చదివిన ఒక రసాయన శాస్త్రజ్ఞుని చేతి నేర్పు స్విస్ పర్వతాల నడుమ ఫలించింది. దానికి ఆయనను తప్పుపట్టేది లేదు. చేనికి నీరందిన చోటనే పంట పండుతుంది. హైదరాబాదులోని ఐఐసీటీ వంటి సంస్థలలో ఇట్టి ఘటాలపై పని జరుగుతూనే ఉన్నది. ఆ పనికి బోదెలు మన కళాశాలల దాకా, మన పిల్లల దాకా రావాలన్నదే నా కోరిక. ప్రతిభ లేదని ఎవరూ అనలేరు. కాటన్‌కు పూర్వపు గోదావరి వలె అది నిండుగానే పారుతున్నది.

రథసప్తమి నాడు గొల్లల మామిడాడ సూర్యనారాయణమూర్తి దర్శనానికి పోయే జనంలో ఎండకు లోటున్నదని అనేవారు ఒక్కరూ ఉండరు. ఇచ్చేవాడు ఇస్తూనే ఉన్నాడు. తూము కట్టవలసినది మనము.

చివరగా మిత్రులకు ఒక పని. 'ఎలక్ట్రాను వాహక పొర' అన్న మాట అర్థం చెబుతుంది గాని నోటికి ఒదగడం లేదు. 'ఎలక్ట్రాను తూము' అంటే డెల్టావారికి వెంటనే తెలుస్తుంది, కాని రాయలసీమ మిత్రులకు చెరువు తూము గుర్తుకు వస్తుంది, అదీ మంచిదే. ఇంతకన్నా మేలైన మాట మీకు తోస్తే తప్పక తెలియజేయగలరు. పేరు కుదిరితే విద్య సగం మనదైనట్లే.

స్వస్తి.